ఇంపోర్టెడ్ కారు బుక్ చేసే ముందు ఆ ఫారంలో ఏమేం రాయించుకోవాలి

ఇంపోర్టెడ్ కారు కొనేవాళ్లు రంగు గురించి, సీట్ల లెదర్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. బుకింగ్ ఫారం మీద సంతకం మాత్రం షోరూమ్‌లో కాఫీ తాగుతూ రెండు నిమిషాల్లో పెట్టేస్తారు. ఆ ఫారం వెనకవైపు సన్న అక్షరాల్లో ఉండేదే అసలు ఒప్పందం. దాంట్లో ఉండేదంతా డీలర్‌కి అనుకూలంగానే ఉంటుంది: ధర డెలివరీ రోజున ఎంత ఉంటే అంత, డెలివరీ తేదీ అంచనా మాత్రమే, మోడల్‌లో మార్పులు చేసే హక్కు కంపెనీది, క్యాన్సిల్ చేస్తే ఇంత కోత, గొడవ వస్తే ఫలానా ఊరి కోర్టు. ఇక్కడ తయారయ్యే కారుకి కూడా ఇంచుమించు ఇవే షరతులు ఉంటాయి, కాకపోతే అక్కడ నచ్చకపోతే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్తే అదే బండి దొరుకుతుంది. ఫ్యాక్టరీలో ఆర్డర్ పడి, ఓడెక్కి, ముంబైలోనో చెన్నైలోనో దిగి, కస్టమ్స్ దాటి, స్టాక్ యార్డుకి రావాల్సిన బండికి ఆ వీలు తక్కువ. ఆ నెలలన్నింటిలో ఏం జరిగినా నష్టం ఎవరిదో తేల్చేది ఆ కాగితమే.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే, ఏం కావాలన్నా బుకింగ్ డబ్బు కట్టక ముందే రాయించుకోండి. సేల్స్ మేనేజర్ "సార్, అవన్నీ మనం చూసుకుంటాం" అంటే ఆ మాటనే ఈమెయిల్‌లో పెట్టమనండి. ఫారంలో రాయడానికి చోటు లేదంటే, మన షరతులన్నీ ఒక పేజీలో టైప్ చేసి, "ఫారంలోని షరతులకూ ఈ పేజీకీ తేడా వస్తే ఈ పేజీలో ఉన్నదే చెల్లుతుంది" అని చివర ఒక వాక్యం పెట్టి, డీలర్‌షిప్ స్టాంపు, సంతకం చేసే అధికారం ఉన్న మనిషి పేరు, హోదాతో సహా తీసుకోండి. సేల్స్ ఎగ్జిక్యూటివ్ సంతకం చాలదు, రెండు నెలల్లో అతను ఉద్యోగం మారిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. అన్నింటికీ డీలర్ ఒప్పుకోడు. సగానికి ఒప్పుకున్నా మీరు చాలా మంది కంటే మెరుగైన స్థితిలో ఉన్నట్టే.

ముందు ఆ బండి ఏ దారిన వస్తోందో తేల్చుకోండి

విదేశీ బ్రాండు అయినంత మాత్రాన ఇంపోర్టెడ్ కాదు. బీఎండబ్ల్యూ చెన్నై దగ్గర, మెర్సిడెస్ పుణె దగ్గర చాకణ్‌లో చాలా మోడళ్లని ఇక్కడే బిగిస్తాయి. అదే షోరూమ్‌లో పక్కనే ఉన్న ఇంకో మోడల్ మాత్రం పూర్తిగా తయారై విదేశాల నుంచి వచ్చినది కావచ్చు, ట్రేడ్‌లో దాన్నే సీబీయూ అంటారు. పోర్షే, ఫెరారీ లాంటివి ఇలాగే వస్తాయి. 2025 జూలైలో ముంబైలో మొదలైన టెస్లా మోడల్ వై కూడా షాంఘై ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే. షాసీ నంబరు మొదటి అక్షరం కొంత సూచన ఇస్తుంది, డబ్ల్యూ అయితే జర్మనీ, జె అయితే జపాన్, ఎస్ అయితే బ్రిటన్, జెడ్ అయితే ఇటలీ. కానీ ఇక్కడ బిగించిన బండికీ మాతృసంస్థ కోడ్ ఉండొచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. "ఈ వాహనం సీబీయూ, ఫలానా దేశంలో తయారైంది" అని ఫారంలో రాయమనండి.

దీని వల్ల వచ్చే తేడా చిన్నది కాదు. 2024 మేలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ వాళ్లు అప్పటిదాకా పూర్తిగా దిగుమతయ్యే రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్‌లని పుణెలో బిగించడం మొదలుపెట్టామని ప్రకటించారు. ధరలు ఒక్కసారిగా లక్షల్లో పడిపోయాయి. అంతకు ముందు నెల పూర్తి దిగుమతి ధర పెట్టి ఇన్వాయిస్ చేయించుకున్న మనిషి పరిస్థితి ఆలోచించండి. ఇన్వాయిస్ అయిపోయాక చేయగలిగింది ఏమీ లేదు, బుకింగ్ దశలో ఉన్నవాడికి మాత్రం తగ్గిన ధర అడిగే హక్కు కాగితం మీద ఉండాలి.

ధర షరతు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. పోర్టుకి చేరేసరికి బీమా, రవాణాతో కలిపి 40,000 డాలర్లు దాటిన కొత్త కారు మీద దిగుమతి సుంకం దాదాపు 110 శాతం. 2025 బడ్జెట్లో దాని పేర్లు మారాయి, 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ సెస్సు అన్నారు, మొత్తం మాత్రం అంతే ఉంది. దాని మీద జీఎస్టీ, దాని మీద మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్. పన్ను మీద పన్ను పడుతుంది కాబట్టి కింద ఒక్క శాతం కదిలినా పైన లక్షల్లో కనిపిస్తుంది.

2025 సెప్టెంబర్ 22 గుర్తుంది కదా. అంతకు ముందు పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది, ఆ రోజు నుంచి సెస్సు పోయి 40 శాతం అయింది. బుకింగ్ జూలైలో చేసినా, ఇన్వాయిస్, డెలివరీ రెండూ ఆ తేదీ తర్వాత అయితే కొత్త రేటే. ఇప్పుడు తగ్గింది కాబట్టి అందరూ సంతోషించారు, రేపు పెరిగితే అదే లెక్క మనకి ఎదురు తిరుగుతుంది. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో అక్కడ తయారయ్యే కార్ల మీద సుంకాన్ని కోటా ప్రకారం మెల్లగా 10 శాతానికి తగ్గించే ఏర్పాటు ఉంది. కాబట్టి సుంకాలు కదలడం అనేది రాబోయే ఏళ్లలో మామూలు విషయం. కోటా అంటే పరిమిత సంఖ్య, మీ బండి ఆ కోటాలో వచ్చిందో లేదో కూడా అడగాలి.

నేనైతే ధర షరతు ఇలా రాయించుకోమంటాను. ఎక్స్ షోరూమ్ ధరలో పన్నులు పోను బండి అసలు ధర ఎంత, సుంకం ఎంత, జీఎస్టీ ఎంత అని విడదీసి చూపించాలి. సుంకం వివరం ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు, కనీసం జీఎస్టీకి ముందు, తర్వాత ధర అయినా ఇవ్వాలి. ప్రభుత్వ పన్నులు మారితే, పెరిగినా తగ్గినా, ఆ మారిన మొత్తం మాత్రమే ఆధారం చూపించి సర్దుబాటు చేయాలి. ఇక రూపాయి విలువ పడిపోయిందనో, కంపెనీ జనవరిలో ధరలు పెంచిందనో చెప్పి పెంచితే, ఒక పరిమితి దాకా, రెండు శాతం అనుకోండి, అది మనం భరిస్తాం, అది దాటితే ఒక్క రూపాయి కోత లేకుండా క్యాన్సిల్ చేసుకునే హక్కు మనకి ఉంటుంది. మొత్తం ధర లాక్ చేయడానికి డీలర్ ఒప్పుకోకపోవచ్చు, ఈ క్యాన్సిల్ హక్కుకి మాత్రం చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వెయిటింగ్ ఉన్న బండి అయితే వాళ్లకి ఇంకో కస్టమర్ దొరుకుతాడు.

ఆన్‌రోడ్ లెక్కలో మిగతా లైన్లు కూడా చూడండి. 10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే మన దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, కట్టాలి, అది పోయే డబ్బు కాదు, మీ పాన్ నంబరు మీద జమై రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, పాన్ నంబరు తప్పు పడకుండా చూసుకోండి. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూల్ లేదు, మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, మిగతాది ఎక్కడ చవకైతే అక్కడ. "హ్యాండ్లింగ్ చార్జీలు", "లాజిస్టిక్స్" అని ఉంటే దేనికో అడిగి తీసేయించండి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 2022 నుంచి 20 లక్షలు దాటిన కార్లకి 18 శాతం ఉండేది, 2025 ఆగస్టులో ఖరీదైన కార్లకి ఇంకా పెరిగింది. కోటి రూపాయల బండికి అదొక్కటే ఇంకో మంచి కారు ఖరీదు. అది ఏ ధర మీద లెక్కగట్టారో ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో, అంటే అసలు బిల్లుకి ముందిచ్చే అంచనా బిల్లులో ఉండాలి.

ఏ బండి, ఏ ఏడాది బండి

మోడల్ పేరు, రంగు రాస్తే సరిపోదు. వేరియంట్, ఆప్షన్ ప్యాకేజీలు, వాటి కోడ్లు, టైర్ సైజు, స్పేర్ వీల్ ఉందో లేదో అన్నీ ఒక పేజీగా జత చేయించండి. కంపెనీలు చిప్స్ లేవనో, పార్ట్ దొరకలేదనో ఒకటి రెండు ఫీచర్లు తీసేసి పంపడం ప్రపంచమంతా జరిగింది, "స్పెసిఫికేషన్లు మార్చే హక్కు కంపెనీది" అనే వాక్యం అందుకే ఉంటుంది. దానికి విరుగుడుగా మనం రాయాల్సింది ఇది: జత చేసిన లిస్టులో ఏది తగ్గినా మనకి ముందే చెప్పాలి, మనం ధర తగ్గించమనో, మొత్తం వాపస్ ఇమ్మనో అడగొచ్చు.

అంతకంటే ముఖ్యం తయారీ నెల. ఓడ ప్రయాణం, పోర్టులో నిలవ, స్టాక్ యార్డులో నిలవ కలిపితే బండి మన చేతికొచ్చేసరికి ఏడాది వయసు నిండిపోవచ్చు. డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, ఆర్సీలోకి అదే ఎక్కుతుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది దాన్నే. "ఫలానా నెల కంటే ముందు తయారైన బండి అయితే తీసుకోవాల్సిన అవసరం లేదు, కట్టిన డబ్బంతా ఇన్ని రోజుల్లో వాపస్" అని రాయించుకోండి. బండి అలాట్ అయిన రోజున షాసీ నంబరు ఈమెయిల్‌లో పంపాలని కూడా.

ఇది అనవసరమైన జాగ్రత్త అనుకునేవాళ్లకి ఒక తీర్పు చెప్తాను. గోవాలో ఒకాయన 2011 మోడల్ కారుకి డబ్బు కడితే డీలర్ 2009లో తయారైన, అప్పటికే తిరిగిన బండి అంటగట్టాడు. వినియోగదారుల కమిషన్లు కంపెనీని కూడా బాధ్యుల్ని చేశాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, డీలర్‌కీ కంపెనీకీ మధ్య ఉన్నది ఏజెంటు సంబంధం కాదు, కంపెనీకి ఆ మోసం తెలుసని చూపించకపోతే దాన్ని బాధ్యురాలిని చేయలేమని చెప్పింది. అంటే పెద్ద బ్రాండు పేరు చూసి మనకి కలిగే నమ్మకం వేరు, చట్టం ముందు మనం ఒప్పందం చేసుకున్నది ఎవరితో అన్నది వేరు. మన ఒప్పందం ఆ డీలర్ కంపెనీతో. అందుకే ఇంపోర్టర్ ఎవరు, అంటే బ్రాండు వాళ్ల భారతీయ కంపెనీయా, డీలరే స్వయంగా తెప్పిస్తున్నాడా అన్నది పూర్తి పేరుతో కాగితం మీదకి రావాలి.

తేదీ, కోత

"సుమారు నాలుగు నెలలు" అని రాసిన తేదీకి విలువ లేదు. కాంట్రాక్ట్ చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం, గడువు అనేది ఒప్పందంలో కీలకం అని ఇద్దరూ అనుకుంటేనే గడువు దాటగానే రద్దు చేసుకునే హక్కు వస్తుంది. కాబట్టి చివరి తేదీ ఒకటి రాసి, ఆ తేదీ ఈ ఒప్పందంలో కీలకమని స్పష్టంగా రాయాలి. 2023 చివర నుంచి ఎర్ర సముద్రం గొడవల వల్ల యూరప్ నుంచి వచ్చే ఓడలు చాలా వరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చాయి, అలాంటివి డీలర్ చేతిలో లేని మాట నిజమే. వాళ్లకి ఒకటి రెండు నెలల అదనపు గడువు ఇవ్వండి, న్యాయం. దానికి ఒక హద్దు మాత్రం ఉండాలి, ఆ హద్దు దాటితే పూర్తి వాపస్, 15 రోజుల్లో, ఆలస్యమైతే వడ్డీతో.

క్యాన్సిల్ చేసేది మనమే అయితే ఎంత కోస్తారో కూడా అంకెల్లో ఉండాలి. ఫారంలో "బుకింగ్ డబ్బు తిరిగి ఇవ్వబడదు" అని ఉన్నా భయపడొద్దు, అదే కాంట్రాక్ట్ చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, న్యాయమైన పరిహారమే దక్కుతుంది. కానీ అది కోర్టుకి వెళ్లి చెప్పించుకోవాల్సిన మాట. ముందే చిన్న అంకె రాయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

డబ్బు కట్టే వరస

బండి చూడకుండా పూర్తి డబ్బు కట్టకండి. రిజిస్ట్రేషన్ నంబరు పడకుండా డీలర్ బండి చేతికి ఇవ్వకూడదన్నది ఇప్పుడు చట్టం, దాంతో మనం డెలివరీ రోజున బండిని మొదటిసారి చూసేసరికి ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ మన పేరు మీద అయిపోయి ఉంటాయి. అప్పుడు డోర్ మీద మళ్లీ పెయింట్ వేసినట్టు కనిపించినా ఆ బండి మనదే. అందుకని వరస ఇలా ఉండాలని రాయించండి: స్టాక్ యార్డులో మన తనిఖీ, మన రాతపూర్వక అంగీకారం, ఆ తర్వాతే మిగతా డబ్బు, ఇన్వాయిస్, రిజిస్ట్రేషన్. తనిఖీకి వెళ్లేటప్పుడు పెయింట్ మందం కొలిచే మీటర్ ఉన్న మనిషిని తీసుకెళ్లండి, ఇంత ఖరీదైన బండికి ఆ ఖర్చు ఖర్చే కాదు. టైరు పక్కన అండాకారపు గడిలో చివరి నాలుగు అంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం. పోర్టులో నెలల తరబడి నిలబడ్డ బండికి బ్యాటరీ డీలా పడి ఉంటుంది, బ్రేక్ డిస్కుల మీద తుప్పు, ఒకేచోట నిలబడి టైర్లు చదునవడం కూడా మామూలే. షాసీ నంబరు బండి మీదది, ఈమెయిల్‌లో వచ్చినది ఒకటేనా?

డబ్బు డీలర్ కంపెనీ బ్యాంకు ఖాతాకే వెళ్లాలి, ఎవరి సొంత ఖాతాకో ఫోన్ నంబరుకో పంపొద్దు. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం. కొంత క్యాష్ ఇస్తే తగ్గిస్తామని ఎవరైనా అంటే ఆ షోరూమ్ నుంచి బయటికి వచ్చేయండి.

వారంటీ

వారంటీ మొదలయ్యే తేదీ మీకు డెలివరీ ఇచ్చిన రోజే అని, అది ఆ బ్రాండు వాళ్ల భారతీయ సర్వీస్ సెంటర్లన్నింట్లో చెల్లుతుందని రాయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే, కాబట్టి ఈ ఇంజిన్ ఈ20కి సరిపోతుందని, ఆ పెట్రోల్ వాడినందుకు వారంటీ నిరాకరించరని రాతలో అడగండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు డీలర్లు ఎలా తగ్గిపోయారో చూశాం. దిగుమతి బండికి అద్దం పగిలినా ఓడ కోసం ఎదురుచూడాల్సిందే, వారంటీలో పార్ట్ ఇన్ని రోజులకి మించి రాకపోతే మారు బండి ఇస్తారా అన్నది బుకింగ్ రోజునే అడగదగ్గ ప్రశ్న.

బ్రాండు డీలర్ కాకుండా బయటి ఇంపోర్టర్ దగ్గర కొంటుంటే

ఇక్కడ నా సలహా గట్టిగా ఉంటుంది. కాగితాలు చూపించని చోట కొనొద్దు, ఎంత చవకైనా సరే. 2025 మేలో హైదరాబాద్‌లో లగ్జరీ కార్ల వ్యాపారం చేసే ఒకాయన్ని డీఆర్ఐ, అంటే సుంకం ఎగవేతల్ని పట్టుకునే కేంద్ర సంస్థ, అరెస్టు చేసింది. విదేశాల్లో కొన్న ఖరీదైన కార్లని దుబాయ్, శ్రీలంక లాంటి చోట్లకి పంపి, అక్కడ ఎడమ స్టీరింగ్‌ని కుడివైపుకి మార్పించి, విలువ సగం దాకా తగ్గించి చూపే పత్రాలతో దిగుమతి చేశారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో, భూటాన్ దారిన అక్రమంగా వచ్చాయన్న అనుమానంతో పదుల కార్లు పట్టుకెళ్లారు, సినిమా నటుల ఇళ్లకీ వెళ్లారు. డబ్బు కట్టి కొన్నవాడి గుమ్మం ముందు నుంచే బండి వెళ్లిపోతుంది.

తర్వాత కొన్న వ్యక్తిని దిగుమతిదారుగా చూసి సుంకం కట్టమనలేరని 2024లో సుప్రీంకోర్టు ఒక పోర్షే కారు కేసులో చెప్పింది. మంచి తీర్పే, కానీ అక్కడిదాకా రావడానికి ఏళ్లు పట్టింది.

కొత్త కారు దిగుమతికి ప్రభుత్వం పెట్టిన షరతులు ముఖ్యంగా ఇవి: ముందు ఎక్కడా అమ్మి ఉండకూడదు, ఏ దేశంలోనూ రిజిస్టర్ అయి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. (అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి బండి ఇక్కడికి పంపుదామనుకుంటే ఈ స్టీరింగ్ దగ్గరే ఆగిపోతారు.) కాబట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, దాని కాపీ అడగండి. అందులో షాసీ నంబరు, ప్రకటించిన విలువ, కట్టిన సుంకం ఉంటాయి. ఆ నంబరు, తేదీ, పోర్టు పెట్టి కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ సైట్‌లో స్థితి చూసుకోవచ్చు. ప్రకటించిన విలువ ఆ కారు విదేశీ ధరలో సగం ఉంటే, ఆ రోజే మీకు విషయం అర్థమైపోవాలి. ఆర్టీఏలో దిగుమతి బండి రిజిస్ట్రేషన్‌కి కస్టమ్స్ క్లియరెన్స్ కాగితం ఎలాగూ కావాలి. వేరే రాష్ట్రం నంబరు మీద తక్కువ ట్యాక్స్‌తో ఇస్తామంటే వద్దనండి. ఒప్పందంలో మాత్రం ఇలా ఉండాలి: సుంకం పూర్తిగా కట్టాం, తక్కువ కట్టినట్టు ఎప్పుడు తేలినా సుంకం, జరిమానా, లాయర్ ఖర్చులు అమ్మినవాడివే, బండి స్వాధీనం చేసుకుంటే మొత్తం ధర వాపస్. దీని మీద కంపెనీతో పాటు యజమాని వ్యక్తిగతంగా కూడా సంతకం పెట్టాలి, ఎందుకంటే ఇలాంటి కంపెనీలు బోర్డు తీసేయడం క్షణంలో పని.

అయినా గొడవ వస్తే

"వివాదాలన్నీ ముంబై కోర్టులోనే" అని ఫారంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయొచ్చు. ఆర్బిట్రేషన్ షరతు, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు ఉన్నా ఆ దారి మూసుకుపోదు. కట్టిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన ఢిల్లీలో జాతీయ కమిషన్. గడువు రెండేళ్లు. ఒప్పందమే అన్యాయంగా ఉందని, అంటే జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా, ఏకపక్షంగా రద్దు చేసే హక్కు లాంటివి ఉన్నాయని వేసే ఫిర్యాదు మాత్రం జిల్లాలో కుదరదు, రాష్ట్ర కమిషన్ నుంచే మొదలవ్వాలి. కంపెనీ పేరు మీద కొన్నా డైరెక్టర్ సొంత వాడకానికైతే వినియోగదారుడిగా ఫిర్యాదు వేయొచ్చని 2024 జూలైలో మెర్సిడెస్ కార్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా వీలుంటే సొంత పేరు మీదే కొనండి, ఆ వాదన పెట్టుకోవాల్సిన పని తప్పుతుంది.

మొదటి అడుగుగా డీలర్‌కీ ఇంపోర్టర్‌కీ కలిపి ఈమెయిల్, జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, ఆ తర్వాత లాయర్ నోటీసు. వాట్సాప్‌లో సేల్స్ వాళ్లు పంపిన మెసేజ్‌లు, కొటేషన్లు, ఆడియోలు బుకింగ్ రోజు నుంచే ఒక ఫోల్డర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ మార్చినప్పుడు అవి పోతాయి.